అలోయిస్ పులిపిరి

సాజవా నది ఒడ్డున మా ఊళ్ళో కురూపి అన్నవాడే లేడు. నమ్మకపోతే ఫోటోగ్రాఫర్ ఒతాకర్ ష్వెస్త్‌కా దుకాణం అద్దాల వెనక పెట్టిన ఫోటోలు చూడండి. ఆయన తండ్రి చర్చిలో దేవదూతలకి రంగులేసేవాడు. కొడుకు ఆ పని మనుషుల మీద చేశాడు. మొటిమలూ ముడతలూ ఆయన పెన్సిలు ముందు నిలిచేవి కావు. నన్ను బడి నుంచి గెంటేసిన ఏడాది నా వంకర ముక్కుని ఎంత తిన్నగా దిద్దాడంటే, మా అమ్మ కాఫీ తెచ్చి ఆ ఫోటో ముందు పెట్టి, "ఎవరు కావాలి బాబూ?" అని నన్నడిగింది.

ఓ శరత్కాలం, సమాధుల మీద దీపాలు పెట్టే పండగ దగ్గర పడింది. స్టూడియో పొయ్యి దగ్గర నేను చలి కాచుకుంటుంటే, ఆ వేసవిలో పోయిన పడవవాడు అలోయిస్ భార్య హెడ్వికా వచ్చింది. సమాధి రాతికి బిగించే పింగాణీ బిళ్ళ మీద వేయడానికి ష్వెస్త్‌కా దిద్ది ఇచ్చిన ఫోటోని బల్ల మీద పెట్టింది.

"ఎవరీయన మాస్టారూ?"

"అదేంటమ్మా, మీ ఆయనే!"

"మా ఆయనకి ముక్కు పక్కన శనగగింజంత పులిపిరుంది. ఈ నున్నటి దొరగారెవరో నాకు తెలీదు. రాతి మీద ఆయన పేరు కింద నా పేరు కూడా చెక్కించేశారు. రేపు నేను పోయి పరాయి మగాడి పక్కన పడుకోవాలా?"

నేను పకపకా నవ్వాను. ఆమె నవ్వలేదు.

"రోజూ పడుకోబోయే ముందు ఆ పులిపిరినే ముద్దు పెట్టుకునేదాన్ని. ఇప్పుడు కళ్ళు మూసుకుంటే ఈ ఫోటోనే కనిపిస్తోంది. అసలు మొహం చెరిగిపోతోంది మాస్టారూ."

అలోయిస్ జన్మలో దిగిన ఫోటో అదొక్కటే. ష్వెస్త్‌కా అరలోంచి దాని నెగెటివ్ గాజుపలక తీశాడు. గాజు మీద ఆయన కొన్ని మచ్చల్ని పెన్సిలుతో పూడ్చేవాడు, కొన్నిటిని కత్తిమొనతో గీకేవాడు. పెన్సిలైతే తుడిస్తే పోతుంది. గీకితే ఇక అంతే. పులిపిరిని ఏం చేశాడో ఆయనకి గుర్తు లేదు.

"కదలకమ్మా," అన్నాడు, ఫోటో తీయబోతున్నట్టు. టర్పెంటైనులో ముంచిన దూదితో గాజుని తుడిచాడు. దూది నల్లబడింది.

ముగ్గురం చీకటిగదిలోకి వెళ్ళాం. మందునీళ్ళ తొట్టెలో ఫోటో కాగితం మీద ముందు మీసం తేలింది. తర్వాత చెవులు. ఆ తర్వాత ముక్కు పక్కన ఒక చుక్క, ఒత్తుగా, నల్లగా.

హెడ్వికా తొట్టె మీదికి వంగింది.

"వచ్చావా, ముసలోడా," అంది.

పండగనాడు ఊరంతా దీపాలతో సమాధుల దగ్గరికొచ్చి ఆ పులిపిరిని చూసింది. మర్నాడు "మా మచ్చలూ ముడతలూ మాకిచ్చేయండి" అంటూ జనం స్టూడియో నుంచి వంతెన దాకా బారులు తీరారు. సరే, వంతెనకి సగం దారి దాకా.

అప్పట్నుంచి పెన్సిలు పట్టే ముందు ష్వెస్త్‌కా ప్రతివాళ్ళనీ అడిగేవాడు: "దీన్నెవరైనా ముద్దు పెట్టుకుంటారా?" పెళ్ళికూతుళ్ళు సిగ్గుతో చచ్చిపోయేవాళ్ళు.

నా ముక్కు సంగతి మాత్రం ఆయన అడగలేదు. అడిగుంటే చెప్పడానికి ఒక అమ్మాయి పేరు సిద్ధంగానే పెట్టుకున్నాను.