ఓడలో సుగుణమ్మ సిస్టర్ చివరి ఉదయం

సుగుణమ్మ సిస్టర్ ఇక లేరన్న వార్త మీలో చాలామందికి ఫోనులోనే తెలిసి ఉంటుంది. ఆ ఫోన్లు చేసింది నేనే. ముంబాయి రేవులో ఒక ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, డైరీలో ఉన్న నంబర్లన్నిటికీ ఒకటే మాట చెప్పాను. "సిస్టర్ ఓడలో పోయారు. గుండెపోటు." ఎన్నిసార్లు చెప్పినా ఆ మాట నాకే నమ్మశక్యం కాలేదు. ముప్పై అయిదేళ్లపాటు బెంగళూరులోని మన ఆస్పత్రిలో ఎందరినో మృత్యుముఖం నుంచి వెనక్కి తెచ్చిన మనిషి, ఉద్యోగ విరమణ చేసి అయిదు వారాలైనా నిండకుండా, తాను ఎంతో ఇష్టపడిన సముద్రం మీదే కన్నుమూశారు.

మన పూర్వవిద్యార్థినుల సంఘం పత్రికకు సంస్మరణ వ్యాసం నన్నే రాయమన్నారు. "చివరిదాకా పక్కన ఉన్నది నువ్వే కదా, పద్మా" అన్నారు. అవును, నేనే ఉన్నాను. అందుకే ఇది రాయడం నాకు కష్టంగా ఉంది. ఆ చివరి ఉదయం గురించి ఓడ డాక్టరుకు నేను చెప్పిన ఒక మాట కాగితం మీదికి ఎక్కింది. ఆ కాగితం సిస్టర్ భర్త ప్రభుదాస్ గారి చేతికి వచ్చింది. ఆ మాట నిజం కాదు. దాన్ని సరిదిద్దకుండా ఆమె సద్గుణాలను వర్ణిస్తూ కూర్చుంటే, ఆమె ఎక్కడున్నా నన్ను క్షమించరు.

ఇలాంటి వ్యాసాల్లో పోయినవాళ్లందరూ శాంతమూర్తులే, అందరి పెదవుల మీదా చిరునవ్వే. మన సిస్టర్ శాంతమూర్తి కాదు. కోపం ముక్కు మీదే ఉండేది. గంజి పెట్టిన తెల్లచీర, ఎదమీద పిన్నుతో గుచ్చుకున్న గడియారం, వరండా ఆ చివర బూట్ల చప్పుడు వినపడితే ఈ చివర మేం నిటారుగా నిలబడేవాళ్లం. ఆమె చేత తిట్లు తినకుండా ఈ ఆస్పత్రి నుంచి నర్సుగా బయటపడ్డవాళ్లెవరైనా ఉంటే చెయ్యెత్తండి. అయినా డ్యూటీ మొదలయ్యేముందు రెండు నిమిషాలు కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకునేటప్పుడు ఆ ముఖంలో కనిపించే ప్రసన్నత కోసం, నాలాంటి హిందూ పిల్లలం కూడా పక్కన చేతులు కట్టుకుని నిలబడేవాళ్లం.

తొంభైల మొదట్లో నేను బెంగళూరు పక్కనున్న అత్తిబెలె నుంచి వచ్చి నర్సింగు హాస్టల్లో చేరాను. మొదటి సంవత్సరంలోనే ఒక మధ్యాహ్నం, ఇరవై మంచాల వార్డులో అందరి జ్వరం, నాడి చూసి చార్టుల్లో రాయమన్నారు. కాళ్లు పీకుతున్నాయని బల్ల దగ్గరే కూర్చుని, నోటికొచ్చిన అంకెలు వేసేశాను. నాడి ఒకరికి డెబ్బై ఆరు, ఇంకొకరికి డెబ్బై ఎనిమిది, మళ్లీ డెబ్బై ఆరు. సిస్టర్ చార్టులు తిరగేస్తూ తొమ్మిదో మంచం దగ్గర ఆగారు.

"ఈయనకి డెబ్బై ఆరా?"

"అవును సిస్టర్."

"ఈయన్ని పొద్దున్నే ఇంటికి పంపేశాం. పల్సు దేనికి చూశావే, దుప్పటికా?"

వార్డంతా నవ్వింది. ఆమె నవ్వలేదు. ఇరవై చార్టుల మీదా తప్పు అంకెను ఒక్క గీతతో కొట్టేయించి, పక్కన నా సంతకం పెట్టించి, అందరినీ మళ్లీ మొదటి నుంచి చూసి రమ్మన్నారు. అప్పుడు చెప్పిన మాట ఇన్నేళ్లూ నా జూనియర్లందరికీ చెబుతూ వచ్చాను. "నువ్వు రాసిన అంకె చూసి డాక్టరు మందు రాస్తాడు. చేతిలో ఉన్నది పెన్ననుకోకు, సూదనుకో."

ఇంకొక సంగతి. యలహంక దగ్గర కట్టడం పనికి అనంతపురం నుంచి వచ్చిన మేస్త్రీ ఒకాయన ఒకరోజు పొట్ట పట్టుకుని వచ్చాడు. "కడుపులో తిప్పతా ఉండాదమ్మా. గ్యాసే. ఒక మాత్ర ఇచ్చి పంపీయండి, పని ఉండాది" అన్నాడు. కుర్ర డాక్టరు కూడా గ్యాసు మాత్రే రాశాడు. మాత్ర నా అరచేతిలో ఉంది. సిస్టర్ నన్ను పక్కకు జరిపి, "మాత్ర ఎక్కడికీ పోదులే. ముందు చెయ్యి ఇటియ్యి" అని ఆయన మణికట్టు పట్టుకున్నారు. ఎదమీది గడియారం చూస్తూ నిండా ఒక నిమిషం నిలబడ్డారు. చల్లటి రోజున ఆయన చొక్కా మెడ దగ్గర చెమటతో తడిసి ఉండటం నేను అప్పుడే గమనించాను. "పద్మా, స్ట్రెచరు" అన్నారు, గొంతు పెంచకుండానే. ఆయన బతికాడు. మరుసటి ఏడు ఒక సంచెడు శనక్కాయలు మోసుకొచ్చి ఆమె బల్ల మీద పెట్టి వెళ్లాడు. "గుండె జబ్బు ఎప్పుడూ గుండె పేరే చెప్పదే. ఒక్కోసారి కడుపు పేరు చెప్పుకుని వస్తుంది" అని ఆరోజు మాకు వల్లె వేయించారు. ఈ పాఠం నాకు పుస్తకంలోంచి రాలేదు, కళ్లముందే జరిగింది. అది గుర్తుపెట్టుకుని మిగతాది చదవండి.

సిస్టర్ పుట్టింది బాపట్ల దగ్గర సముద్రపు ఒడ్డున ఒక పల్లెలో. తండ్రిది చేపల వేట. నర్సింగు చదవడానికి బెంగళూరు వచ్చి, ఇక్కడే పుట్టి పెరిగిన ప్రభుదాస్ మాస్టారిని చేసుకుని కాడుగోడిలో స్థిరపడ్డారు. "ఈ ఊళ్లో అన్నీ పెట్టారు, సముద్రం పెట్టడం మాత్రం మర్చిపోయారు" అనేవారు. సెలవుకు ఊరెళ్లి వచ్చినప్పుడల్లా ఒక పొట్లం ఎండుచేపలు తెచ్చి హాస్టల్ వంటగదిలో వేయించి, రాత్రి డ్యూటీ దిగి వచ్చిన పిల్లలకు పెట్టేవారు. వాసనకు వార్డెను గోలపెడితే, "ఆ పిల్లలు రాత్రంతా పీల్చినదానికంటే ఇది మంచి వాసనే" అని నోరు మూయించేవారు.

అందుకే ఆమె రిటైరైనప్పుడు శాలువా, జ్ఞాపిక వద్దనుకున్నాం. మేం నలుగురు శిష్యురాళ్లం కలిసి ఆమెను ఓడ ఎక్కించాలని నిశ్చయించుకున్నాం. ముంబాయి నుంచి లక్షద్వీపాల వైపు వెళ్లి వచ్చే పెద్ద విహార నౌక. ఆ ఆలోచన నాదే. ఆమె వద్దంటే ఒప్పించిందీ నేనే. ప్రభుదాస్ గారు తాను రానన్నారు. "నీళ్లంటే నాకు భయమమ్మా. మీరు పిలుచుకొని పోండి, మళ్లా జాగ్రత్తగా పిలుచుకొని రండి" అని నా చేతికే ఆమె సంచి అందించారు.

మొదటి రోజు సాయంత్రం ఆమె రెయిలింగు పట్టుకుని నిలబడి కదల్లేదు. టీ తాగమంటే వినలేదు. ముఖం చిన్నపిల్ల ముఖంలా అయిపోయింది. అంతకుముందు ఓడ ఎక్కే వరసలో ఒక పెద్దాయన కాళ్లు వాచి ఉన్నాయని వంగి చూడబోతే నేనే ఆపాను. "సిస్టర్, మీరు రిటైరయినారు. ఈ ఓడలో మనం ఎవరమూ నర్సులం కాదు, సరేనా?" అన్నాను. అందరూ ఒప్పుకున్నారు. చేతిలో చెయ్యి వేసి ఒట్టు కూడా పెట్టుకున్నాం. ఎంత తెలివితక్కువ ఒట్టో చూడండి.

రెండో రోజు పొద్దున సముద్రం కొంచెం ఎగిరిపడుతోంది. ఓడ అంత పెద్దదైనా గ్లాసులో నీళ్లు అటూ ఇటూ ఊగుతున్నాయి. వరండాల్లో పట్టుకునే కమ్మీలకు వాంతి చేసుకునే కాగితపు సంచులు వరసగా తగిలించి పెట్టారు. సగం ఓడ తల పట్టుకుని కూర్చుంది. మా గదిలో సిస్టర్ మంచం అంచున కూర్చుని ఉన్నారు. నుదుటి మీద చెమట. దవడ రుద్దుకుంటున్నారు.

"కడుపులో తిప్పుతోందే" అన్నారు.

"సముద్రం సిస్టర్. పొద్దున్నుంచీ అందరికీ అట్లే ఉండాది."

"నాకు సముద్రం పడకపోవడమేంటే? మా నాన్న పడవలో ముక్కు కార్చుకుంటా తిరిగినదాన్ని."

"అప్పుడు మీకు ఎనిమిదేండ్లు. ఇప్పుడు మీరు ముసలామె అయినారు, ఒప్పుకోండి" అని నవ్వి, మాత్ర తేవడానికి కిందికి దిగాను.

రిసెప్షన్ బల్ల మీద ఒక వెదురు బుట్ట. దాని నిండా చిన్న చిన్న పొట్లాల్లో వాంతుల మాత్రలు. పెళ్లివారు తాంబూలం పళ్లెం పెట్టినట్టు, ఎవరికి కావలసినన్ని వాళ్లు తీసుకుంటున్నారు. బల్ల వెనక కోటు వేసుకున్న అమ్మాయి "ఎంతమందికి మ్యామ్?" అని అడిగింది. ఎవరికి, ఏం వయసు, ఎట్లా ఉంది అని అడగలేదు. అడగడం ఆ అమ్మాయి పని కాదు, నా పని. బల్లకు పక్కనే డాక్టరు గది. తలుపు మీద వేళలు రాసి ఉన్నాయి, కింద ఎర్రటి గంట మీట, అత్యవసరమైతే నొక్కమని బోర్డు. ఆ మీట ముందు నుంచే నడిచి వచ్చాను. పాతికేళ్లకు పైగా సర్వీసున్న నర్సును, ఒక ప్రయాణికురాలిలా రెండు పొట్లాలు పట్టుకుని మెట్లెక్కాను.

సిస్టర్ మారుమాట లేకుండా మాత్ర మింగారు. నేను చెప్పిన మాట ఆమె ఎదురుచెప్పకుండా విన్నది జీవితంలో అదొక్కసారే. దానికైనా నేను భయపడాల్సింది. పడుకున్నాక కుడిచెయ్యి నా వైపు చాచారు, అరచెయ్యి పైకి పెట్టి. నేను ఆ చెయ్యి పట్టుకుని నిమిరాను. చల్లగా ఉంది. ఏసీ వల్ల అనుకుని దుప్పటి లోపలికి తోసి, మెడదాకా కప్పాను. రోగి నాడి చూపించుకోవడానికి చెయ్యి ఎలా చాస్తాడో మనందరికీ తెలుసు. ఆమె అలాగే చాచారు. ఆ సంగతి నాకు ఇంటికి వచ్చిన వారం తరువాత, కూరగాయలు తరుగుతుంటే తట్టింది. కత్తి అక్కడే పడేసి కింద కూర్చుండిపోయాను.

ఆ మాత్ర నిద్ర తెప్పిస్తుంది. ఆమె నిద్రపోయారని సంతోషించి పైకి వెళ్లాను. స్నేహితురాళ్లతో ఫోటోలు దిగాను, భోజనం చేశాను. ఒంటిగంటన్నరకు తలుపు తీసేసరికి సిస్టర్ పక్కకు ఒరిగి ఉన్నారు. అప్పుడు నేను మళ్లీ నర్సునయ్యాను. నేలమీద పడుకోబెట్టి ఎదమీద నొక్కాను, ఊపిరి పోశాను, కేకలు వేశాను. డాక్టరు పరుగెత్తుకుని వచ్చాడు. అరగంట ఇద్దరం ఆపలేదు. తరువాత ఆయన నా భుజం మీద చెయ్యి వేసి ఆపించాడు.

ఆయన మంచివాడే. నన్ను కూర్చోబెట్టి, గుండెపోటు పొద్దున్నే మొదలై ఉంటుందన్నాడు. ఉదయం ఆమెను ఎవరు చూశారని అడిగాడు. నేనన్నాను. మీరు నర్సు కదా, నాడి ఎంత ఉంది అన్నాడు.

"డెబ్బై ఆరు" అన్నాను. "క్రమంగానే ఉంది."

ఆలోచించి చెప్పిన అబద్ధం కాదు. నోట్లో నుంచి దానంతటదే వచ్చింది. ఆయన రాసుకున్నాడు. ఓడ వెనక్కి తిరిగి మరుసటి రోజు ముంబాయి రేవు చేరేదాకా సిస్టర్ కింది అంతస్తులో ఒక చల్లటి గదిలో ఒంటరిగా ఉన్నారు. మేం నలుగురం ఆ తలుపు బయట నేలమీద కూర్చున్నాం.

కాడుగోడిలో సమాధి కార్యక్రమం అయింది. తరువాత ఓదార్పు ప్రార్థనలకు పెట్టిన ఆదరణ కూడికకు మన ఆస్పత్రి సగం వచ్చింది. వచ్చిన ప్రతివాళ్లకూ ప్రభుదాస్ గారు ఆ కాగితం చూపించారు. "పక్కన పద్మ ఉండె. పల్సు చూసిందంట, డెబ్బై ఆరు. అంటే అంతవరకూ బాగనే ఉండింది. దేవుడు నిద్దర్లో తీసుకున్నాడు" అనేవారు. అలా అన్న ప్రతిసారీ నేను తల ఊపాను. ఒకసారి, రెండుసార్లు కాదు. ఒక నెలంతా ఊపాను.

ఈ వ్యాసం రాయడానికి కూర్చుని, మూడుసార్లు మొదలుపెట్టి మూడుసార్లు చించేశాను. పోయిన ఆదివారం వాళ్లింటికి వెళ్లి ఆయనకు అంతా చెప్పాను. బుట్ట, గంట, చాచిన చెయ్యి, డెబ్బై ఆరు, ఏదీ దాచలేదు. ఆయన కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకున్నారు. అప్పుడు అడిగారు.

"చూసుంటే బతికుండునా?"

"చెప్పలేను సార్. డాక్టరు ఉండె, మందులుండె. పిలిచుంటే అవకాశం ఉండె."

"అవకాశం ఉండె" అని ఆయన నా మాటే మెల్లగా మళ్లీ అన్నారు. తరువాత, "ఇదంతా రాయమ్మా. ఏమీ విడిచిపెట్టొద్దు. ఆమె దగ్గర చదివిన పిల్లలంతా చదవాల" అన్నారు.

గేటుదాకా నాతో నడిచి వచ్చారు. గొళ్లెం తీసి పట్టుకుని, కోపం ఏమాత్రం లేని గొంతుతో, "నువ్వు మాత్రం ఇంక మా ఇంటికి రావద్దమ్మా" అన్నారు. సరే సార్ అన్నాను.

ఇలాంటి వ్యాసం ముగించేటప్పుడు, ఆమె లేని లోటు పూడ్చలేనిదని రాయడం ఆనవాయితీ. పూడ్చలేనిదే. అలాంటి గురువు మనకు మళ్లీ దొరకదు. రేపు చేరబోయే పిల్లలకు ఆమె తిట్లు తినే భాగ్యం లేదు. కానీ ఆ లోటులో నా చెయ్యి కూడా ఉంది కాబట్టి, ఆ మాట నా కలానికి తగదు. శిష్యురాలిగా ఆమె పాదాల దగ్గర పెట్టగలిగింది నా దగ్గర ఒక్కటే ఉంది, అది నిజం. ఆ ఉదయం సుగుణమ్మ సిస్టర్ నాడి ఎవరూ చూడలేదు. చూడవలసినదాన్ని నేను.