మిద్దె మీద తాత... వాకిట్లో ఎర్ర గుడ్డ

మా చిన్నప్పుడు టీవీ కొనడం ఒక ఎత్తు... దాంట్లో బొమ్మ రప్పించడం ఇంకో ఎత్తు!

మాదాపూర్ దిక్కు అద్దాల మేడలు అప్పుడప్పుడే లేస్తున్న రోజులు. పుప్పాలగూడలో మా ఇంటి ముందు ట్రాలీ ఆటో ఆగి, అట్టపెట్టె దిగగానే నాయనమ్మ పసుపు కుంకుమలతో సిద్ధం. పెట్టెకు బొట్టు, టీవీకి బొట్టు... ఆఖరికి అద్దం మీద కూడా పెట్టబోతే నేను చెయ్యి పట్టుకుని ఆపాను.

“అబ్బో, చదువుకున్న పిల్ల! ఇగ నువ్వే పెట్టు దీన్ని,” అంది మూతి తిప్పుతూ. అమ్మానాన్నలు పనికి వెళ్లారు. అలా ఆ పని నా నెత్తిన పడింది.

ఆ టీవీ ఎవరి కోసమో వాడకట్టు మొత్తానికీ తెలుసు... మా తాతకు తప్ప.

తాతది గుట్టల్లో బండలు పేల్చే పని. మందు కూరాక, పేలే ముందు ఒకరు దూరంగా నిలబడి ఎర్ర గుడ్డ ఊపుతారు. అది కనబడితే చేతిలో పని ఎక్కడిదక్కడ వదిలేసి బండ చాటుకు పోవాలి. అన్నేళ్లూ ప్రాణం కాపాడుకున్నాడు గానీ, ఆ చప్పుళ్లకు చెవులు పూర్తిగా పోయాయి.

అప్పటినుంచి మనిషి మాట మానేశాడు. ఇంట్లో నలుగురం నవ్వుకుంటే తనను చూసే నవ్వుతున్నామనుకునేవాడు పాపం. పొద్దస్తమానం బయట అరుగు మీదే... అన్నం కూడా అక్కడికే.

“చెవులు పోతే పోయినయ్, కండ్లున్నయ్ గదనే... బొమ్మలు చూసెతందుకన్న లోపలికొస్తడేమో,” అనేది నాయనమ్మ. అందుకే చీటీ ఎత్తుకుని మరీ టీవీ తెప్పించింది.

తీరా ఆన్ చేస్తే... తెర నిండా చుక్కలు! బర్ర్ మని ఒకటే మోత.

“అద్దానికి బొట్టు పెట్టనియ్యకపోతివి... గందుకే గిట్లయింది,” అని నావైపు ఉరిమి చూసింది నాయనమ్మ.

మిద్దె మీద వెదురు బొంగుకు కట్టిన యాంటెనాను పట్నం దిక్కుకు తిప్పాలి. నేను చేతులతో సైగ చేసి ఆ సంగతి నాయనమ్మకు చెబుతున్నానో లేదో... అరుగు మీంచి చూస్తున్న తాత లేచాడు. పంచె ఎగ్గట్టి, చకచకా నిచ్చెన ఎక్కేశాడు! ఇంట్లో పనికి తనంతట తాను లేచి ఎన్నాళ్లయిందో. నాయనమ్మ ముఖం చూడాలి అప్పుడు...

ఇక మొదలైంది అసలు తంటా. ఎవరింట్లోనైనా పైనుంచి “వచ్చిందా?” అంటే, కిందినుంచి “వచ్చింది, ఆపు!” అంటారు. మా తాతకు ఎలా చెప్పడం?

బొమ్మ వచ్చేది. నేను కిటికీలోంచి “వచ్చింది!” అని అరిచేదాన్ని. నాయనమ్మ వాకిట్లో నిలబడి “ఆపయ్యా! జర ఆగరాదు!” అని గొంతు చించుకునేది. తాత తన పాటికి తాను తిప్పుతూనే ఉండేవాడు... బొమ్మ పోయేది. చేతులూపితే ఆయన చూపేమో బొంగు మీద!

పక్కింటివాళ్లు గోడ మీంచి చూసి పకపకా నవ్వారు. ఆ నవ్వు తాత కంట పడింది. ముఖం మాడిపోయింది. ఇప్పుడు దిగాడంటే మళ్లీ అరుగు మీదికే, ఇక జన్మలో లోపలికి రాడు.

నాయనమ్మ ఏమనుకుందో ఏమో, గబగబా లోపలికొచ్చి సందూక పెట్టెలోంచి ఎర్ర జాకెట్ గుడ్డ తీసింది. కర్రకు కట్టింది. “గుట్ట కాడ దీనికే గదనే ఆగేటోడు!” అంటూ వాకిట్లోకి ఉరికింది.

తాత కోపంగా బొంగును ఇంకొక్కసారి తిప్పాడు. బొమ్మ వచ్చింది! నేను అరిచాను. నాయనమ్మ కర్ర ఎత్తి ఎర్ర గుడ్డ ఊపింది.

ఆ ఎరుపు కంటి కొసన పడిందేమో, తాత చూశాడు. బొంగు వదిలేశాడు. వదిలేసి... గభాలున పిట్టగోడ చాటున నక్కి, రెండు చేతులతో చెవులు మూసుకున్నాడు.

వినబడని చెవులు... అయినా మూసుకున్నాడు.

పక్కింటివాళ్ల నవ్వు టక్కున ఆగిపోయింది. “అయ్యో, నా చెయ్యిరగ...” అని నాయనమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది.

కాసేపటికి పిట్టగోడ మీంచి తాత తల మెల్లగా పైకి లేచింది. నాయనమ్మను చూశాడు, గుడ్డను చూశాడు, యాంటెనాను చూశాడు. అప్పుడు నవ్వాడండీ... పొట్ట పట్టుకుని, కూలబడి మరీ నవ్వాడు.

“ఏందే... టీవీని గిట్ల పేలుస్తున్నవా?” అని పైనుంచి కేక వేశాడు. తాత గొంతు అంత పెద్దదని నాకు అప్పటిదాకా తెలియదు.

దిగాడు. అరుగు దాటాడు. లోపలికొచ్చి నాయనమ్మ పక్కన చాప మీద కూర్చున్నాడు. తెర మీద ఎవరో వరికి ఎరువు ఎప్పుడు వేయాలో చెబుతున్నారు... ఇద్దరూ దాన్నే రెప్ప వేయకుండా చూశారు. నాయనమ్మ సైగలతో చెబుతుంటే “నీ మొకం, ఆయన గట్ల అనలే!” అని తాత ఎదురు వాదన. వినబడని మనిషి! ఆ రోజు నాకు కలిగినంత సంతోషం ఆ తర్వాత ఏ టీవీ కొన్నా కలగలేదు.

ఆ ఎర్ర గుడ్డ మాత్రం తలుపు వెనక మేకుకే ఉండిపోయింది. చాయ్ అయినా, అన్నం అయినా నాయనమ్మ వాకిట్లోకి వచ్చి ఊపేది. తాత వీధి చివర ఉన్నా చూసి, నవ్వుకుంటూ వచ్చేసేవాడు.

ఇప్పుడు ఆ గుట్టా లేదు, వాళ్లిద్దరూ లేరు. మిద్దె ఉన్నచోట అపార్ట్‌మెంట్... మా హాల్లో గోడంత టీవీ. ఇంట్లో అందరి చెవులూ బాగానే ఉన్నాయి. కాకపోతే వాటిల్లో ఏవో కుక్కుకుని ఎవరి గదిలో వాళ్లు... అన్నానికి పిలిచి పిలిచి నా గొంతే పోతోంది.

మీ ఇంట్లో యాంటెనా తిప్పడానికి ఎవరు ఎక్కేవారు? కిందినుంచి ఎవరు అరిచేవారు? చెప్పండి, చదువుతాను... ఈలోగా నేనూ ఓ ఎర్ర గుడ్డ వెతుక్కోవాలి.