వరదనీళ్ల మీద కొత్త పాస్‌వర్డ్

మా ట్రక్కు రావులపాలెం దాటి గోదావరి గట్టెక్కేసరికి జోరున వాన. గట్టు అవతల లంక ఊళ్లు కనబడలేదు. కొబ్బరి తలలు మాత్రం నీళ్లమీద ఊగుతున్నాయి. సైన్యంలో ఏళ్ల తరబడి సరిహద్దుల్లో సిగ్నల్స్ పని, అంటే వైర్‌లెస్ సంబంధాలు చూసే పని చేశాను. సొంత గడ్డమీద డ్యూటీ పడడం అదే మొదలు. మాది మండపేట. ట్రక్కు ఆగకముందే దూకేశాను.

హైస్కూలు మేడ మీద మా మకాం. కింది గదుల్లో లంకల నుంచి తెచ్చిన జనం. సెల్ టవర్లు పనిచేయడం లేదు. మా దగ్గర శాటిలైట్ డిష్, జనరేటరు, వైఫై పంచే మూడు వైర్‌లెస్ పెట్టెలు ఉన్నాయి. ఒకటి బడి మేడమీద, ఒకటి వాటర్ ట్యాంకు మీద, ఒకటి గట్టు చివర కట్టాం. ప్రతి పడవకీ ఒక టాబ్లెట్ ఇచ్చాం. ఏ పడవ ఎక్కడుందో మా తెరమీద కనిపిస్తుంది. మేం పంపిన ఆదేశం వాళ్ల తెరమీద పడుతుంది. ముందు నడిపించు, తాళాలు తరవాత వేద్దువు అన్నారు కెప్టెన్ గారు. నీళ్లు పెరుగుతున్నాయి, ఆగే వీలు లేదు. పాస్‌వర్డ్ లేకుండానే ఆన్ చేశాను. మొదటి పడవ చుక్కై తెరమీద కదలగానే అందరం చప్పట్లు కొట్టాం.

కాసేపటికే తెర మొరాయించడం మొదలైంది. శిబిరంలోని ఫోన్లన్నీ మా నెట్‌వర్క్‌లోకి వచ్చేశాయి. అంతలో రెండో పడవ దారి మారింది. నొప్పులు పడుతున్న అమ్మాయి కోసం దాన్ని కింది లంకకు పంపాం. అది పై లంకలో ఆగి ఉంది. అందులో ఉన్న మా నర్సింగ్ అసిస్టెంటుకు ఆ పడవ టాబ్లెట్ మీదే కాల్ చేశాను. నిడదవోలు కుర్రాడు, నాతో సరిహద్దు మంచులో పనిచేసినవాడు.

"మీరే కదన్నా పంపారు? పై లంకలో ఒక మేడమీద ముసలావిడ ఉందని కంట్రోల్ రూమ్ పేరుతో మెసేజ్ వచ్చింది. ఎక్కించుకున్నాం."

నేను పంపలేదు. మా నెట్‌వర్క్‌లో ఉన్న ఏ ఫోనుకైనా ఆదేశాల పేజీ తెరుచుకుంటోందని అప్పుడర్థమైంది. వెంటనే కింది లంకకు వెళ్లమన్నాను. ఇంకో దొంగ ఆదేశం వస్తే ఆ అమ్మాయి గతేంటి?

ఉన్నపళంగా పాస్‌వర్డ్ పెడితే నీళ్లమీదున్న పడవలన్నీ ఒక్కసారే తెగిపోతాయి. అందుకని పాత నెట్‌వర్క్ పక్కనే కొత్త పేరుతో ఇంకోటి తెరిచాను. ముందు డబ్ల్యూపీఏ త్రీ అనే కొత్త రకం తాళం పెట్టాను. టాబ్లెట్లు పాతవి, అందుకోలేదు. దాని ముందు తరం డబ్ల్యూపీఏ టూకి దిగాను, మధ్యలో ఎవరూ చదవకుండా మాటల్ని సంకేతాలుగా మార్చే ఏఈఎస్ ఎన్‌క్రిప్షన్‌తో. పొడుగాటి పాస్‌వర్డ్ ఇచ్చాను. పెట్టె మీద బటన్ నొక్కితే పాస్‌వర్డ్ లేకుండానే కలిసిపోయే సదుపాయం తీసేశాను. పెట్టెలతో ఫ్యాక్టరీ నుంచి వచ్చిన అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చాను. జనానికి వేరే నెట్‌వర్క్ ఇచ్చి, దాని పాస్‌వర్డ్ కింద నల్లబల్ల మీద రాయించాను. అందులోంచి పడవల వైపు దారి ఉండదు. వేళ్లు వాటంతటవే పరుగెడుతున్నాయి. ఆ హుషారు నాకు సరిహద్దులో కూడా కలగలేదు.

గట్టుకు చేరిన ప్రతి పడవలో పాస్‌వర్డ్ నేనే కొట్టాను. ఇక రెండో పడవే మిగిలింది. అది నడి ఏట్లో ఉంది. ఎవరైనా చూడగల నెట్‌వర్క్‌లో పాస్‌వర్డ్ పంపలేను. దాని ఒక్కదానికీ మరో పేరు, మరో పాస్‌వర్డ్ పెట్టి మళ్లీ కాల్ చేశాను.

"కొత్త పేరు కనిపిస్తోందా తమ్ముడూ?"

"ఆ, పాస్‌వర్డ్ అడుగుతోందన్నా."

"బంకర్లో మన రొట్టెలు ఎత్తుకుపోయిన కుక్క పేరు కొట్టు. దాని వెనకే నీ చేతికి కుట్లేసిన డాక్టరు గారి ఊరు. ఇంగ్లీషులో, అన్నీ చిన్నక్షరాలు."

అవతల నవ్వు వినిపించింది. లైను తెగింది. మేడ మీద అందరం తెర చుట్టూ మూగాం. రెండో పడవ చుక్క కొత్త నెట్‌వర్క్‌లో వెలిగింది. పాతదాన్ని ఆపేశాను. కెప్టెన్ గారు నా వీపు చరిచారు.

అప్పుడొకాయన మెట్లెక్కి వచ్చాడు. రొయ్యల చెరువుల రైతు.

"ఆ మెసేజ్ పెట్టింది నేనేనండి. అమ్మ ఒక్కతే ఉండిపోయిందండి. పొద్దున్నుంచీ ఎవరిని అడిగినా వరసలో ఉండమన్నారండి."

నొప్పులు పడుతున్న అమ్మాయి సంగతి చెప్పాను. మొహం పాలిపోయింది. గట్టుకు పరుగెత్తాడు.

ఆ అమ్మాయిని కూడా ఎక్కించుకుని రెండో పడవ గట్టుకు చేరింది. అమ్మాయిని అంబులెన్సులో అమలాపురం తీసుకెళ్లారు. ఆడపిల్ల పుట్టింది, ఇద్దరూ క్షేమమని సాయంత్రం కబురొచ్చింది. శిబిరమంతా టీలు పంచారు. ఆ రైతు మేం ఉన్నన్నాళ్లూ పడవలు లాగాడు.

వరద తీశాక రాజమండ్రిలో రైలెక్కి యూనిట్‌కి వెళ్లిపోయాం. తరవాత రిటైరయ్యాను. ఇప్పుడు మండపేటలో మిల్లులకీ ఇళ్లకీ వైఫై బిగిస్తుంటాను. పాస్‌వర్డ్ ఎందుకండీ, మా ఇంట్లో దాచేదేముంది అంటారు కొందరు. అయినా పెట్టే వెళతాను.

అలా అన్నప్పుడల్లా ఆ పడవ కళ్లముందుకొస్తుంది. ముసలావిడ ఒడిలో ఆ అమ్మాయి తల. కళ్లల్లో వాన పడకుండా ఆవిడ అడ్డం పెట్టిన అరచెయ్యి. ఛాతీలోతు నీళ్లలో పడవ తాడు లాగుతున్న ఆవిడ కొడుకు. ఎదురుగా వాడు కనిపిస్తున్నా ఆవిడ ఆ చెయ్యి తియ్యలేదు.