తేలనివ్వని తగువు

మాష్టారు పోయారని మంగళవారం పొద్దున టీ కొట్టాయన సైకిలు తొక్కుకుంటూ నా చేను దాకా వచ్చి చెప్పాడు. సైకిలు దిగలేదు. ఒక కాలు గట్టు మీద ఆనించి, చీరాల ఆసుపత్రిలో తెల్లవారుజామున ప్రాణం పోయిందనీ, గుండె అనీ, మధ్యాహ్నానికి తీసుకొస్తున్నారనీ చెప్పి వెళ్ళిపోయాడు. నేను కంది సాళ్ళలో గుంటక తోలుతున్నాను. ఎడ్లను ఆపాలన్న ధ్యాస కూడా లేదు. అవే సాలు చివరిదాకా పోయి నిలబడ్డాయి.

ఆయన గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. రాయకపోతే అన్నం సయించేట్టు లేదు, అందుకని రాస్తున్నాను.

మా ఊరి మిషను బడిలో ముప్పై ఏళ్ళు ఇంగ్లీషు చెప్పారు. నాకూ చెప్పారు. రాకపోతే అది ఆయన తప్పు కాదు. పొట్టి మనిషి, చొక్కా జేబుకి ఎప్పుడూ సిరా మరక. కథ మంచి పట్టులో ఉండగా పుస్తకం మూసేసేవారు. తరవాతేమైందండీ అని మేం గోల పెడితే, "అంతా ఇవాళే చెప్పేస్తే రేపు బడికెవడొస్తాడురా?" అనేవారు. చిన్నప్పుడు అది బద్ధకమనుకున్నాను.

మీకు చెప్పాల్సింది మూడేళ్ళ కిందటి మాట. పత్తికి తెల్లదోమ పడిన ఏడు. ఆ సంవత్సరం మా నల్లరేగడిలో పత్తి వేసినవాడెవడూ నిద్రపోలేదు. ఆకు జిగురెక్కింది, మసి పట్టింది, కాయ విచ్చకుండానే ఎండిపోయింది. మందు మీద మందు కొట్టాం. దోమకి అది చారు పోసినట్టే ఉంది. అంతకుముందు ఏడు కూడా అంతే. మాఘమాసం వెళ్ళేసరికి చేలో మిగిలింది కట్టె. పీకి వంటచెరుకు కింద ఇంటికి చేర్చాను. ఇంట్లో మాట్లాడ్డం మానేశాను. మా పాప దగ్గరికొస్తే కసిరేవాణ్ణి. దాచడమెందుకు, నాకు బతకాలని లేదు. పక్క ఊళ్ళలో అప్పటికే ఇద్దరు ముగ్గురు పోయారు. వాళ్ళ పేర్లు వింటే జాలి వేయాలి కదా, నాకు అసూయ వేసేది.

అలాంటి ఒక సాయంత్రం మాష్టారు మా ఇంటికి వచ్చారు. నా భార్య ఇచ్చిన మజ్జిగ తాగుతూ ఇల్లంతా చూశారు. గుమ్మం వెనక పురుగుమందు డబ్బా ఉంది, సీలు తీయనిది. ఊళ్ళో అందరి ఇళ్ళలోనూ ఉండేదే. కానీ ఆయన కళ్ళు అక్కడే ఆగాయి.

"కట్టె పీకేశావు కదరా. ఇంక దీంతో పనేముంది?"

బడి పెరట్లో బెండకి పురుగు పట్టిందని, ఇది తీసుకెళ్తానని, డబ్బాని చంకలో పెట్టుకుని లేచారు. వెళ్తూ వెళ్తూ, టీ కొట్టు దగ్గర ఒక తగువు పడిందనీ, అది తేల్చడానికి నా అవసరం ఉందనీ, సాయంత్రాలు రమ్మనీ చెప్పారు.

తగువు ఏమిటంటే సినిమా. చీరాల హాల్లో ఆదివారం మార్నింగ్ షోకి ఒక ఇంగ్లీషు గూఢచారి బొమ్మలు వేసేవాళ్ళు. ఎక్కడో ఆడి ఆడి అరిగిపోయిన రీళ్ళు మా దాకా వచ్చేవి. మాటలు ఒక్కటీ అర్థం కావు. అయినా మా ఊరి నుంచి పదిమంది సైకిళ్ళ మీద వెళ్ళేవాళ్ళం. పెళ్ళికాక ముందు నేను ఒక్కో బొమ్మ మూడేసి సార్లు చూశాను. ఆ వేషం వేసే నటుడు ఇక వేయనన్నాడని ఆ మధ్య ఎవడో కబురు మోసుకొచ్చాడు. మరి తరవాత ఎవరు వేయాలి? అదీ తగువు. వేసేదెవరో మేం తేలిస్తే లండన్‌లో వాళ్ళు వింటారన్నట్టు కొట్టుకునేవాళ్ళు. సైకిల్ షాపతను పాతాయనే మళ్ళీ రావాలనేవాడు. జుట్టు కత్తిరించే ఆయన, మన నాటకాల్లో అర్జునుడి వేషం వేసే మా బావగాడికి ఏం తక్కువ అనేవాడు.

మాష్టారు ఆ బొమ్మ ఒక్కటీ చూడలేదు. వాళ్ళ చర్చిలో సినిమాకి వెళ్ళడం తప్పు, ఆయన జన్మలో హాలు గడప తొక్కలేదు. కొట్టు బల్ల మీద ఆయన కూర్చుంటే మొహం తిప్పుకునే పెద్దమనుషులూ ఉన్నారు మా ఊళ్ళో. అందుకని బడి నుంచి తన స్టూలు తనే తెచ్చుకునేవారు. దాని మీద కూర్చుని అందరికంటే గట్టిగా వాదించేవారు.

"గూఢచారంటే ఎవడూ గుర్తుపట్టకూడదు. మీరేమో వీధంతా వెనక్కి తిరిగి చూసే అందగాణ్ణి అడుగుతున్నారు. నన్నడిగితే మన పోస్ట్‌మాన్ లాంటి బట్టతలాయన కావాలి." ఇలా అని నా వైపు తిరిగేవారు. "ఏరా, నువ్వు చెప్పు. కాదంటే ఎందుకు కాదో చెప్పు."

మొదటి రోజు టీ గ్లాసు కింద పెట్టి ఇంటికొచ్చేశాను. ఆ కొట్టులో ఒక రివాజు ఉంది. తగువు చీకటి పడేలోగా తేలకపోతే వాయిదా వేస్తారు. జవాబు చెప్పలేనివాడు మర్నాడు జవాబుతో హాజరు కావాలి. మాష్టారు రోజూ నా పేరే పిలిచేవారు. నాకు చిరాకు వేసేది. చేను పోయినవాణ్ణి పట్టుకుని గూఢచారి ఏమిటి, ఈయనకి మతి పోయిందా అనుకునేవాణ్ణి. కానీ ఇంటికెళ్ళి పడుకుంటే బట్టతల గూఢచారి బుర్రలో తిరిగేవాడు. ఏం చెప్పి ఈయన నోరు మూయించాలా అని ఆలోచించేవాణ్ణి. రేపటి గురించి నేను ఆలోచించినది అదొక్కటే.

ఎండలు ముదిరాక ఒక రోజు వెళ్ళలేదు. ఆ పొద్దున్న పొదిలి వైపు మా దూరపు చుట్టం, నాతోపాటే పత్తి వేసినవాడు, పోయాడని కబురొచ్చింది. నేను గోడ వైపు తిరిగి పడుకున్నాను. ఇంక ఎవరొచ్చి పిలిచినా లేవకూడదనుకున్నాను. పొద్దు వాలుతుండగా వాకిట్లో అలికిడి. మాష్టారు స్టూలు భుజాన వేసుకుని నిలబడ్డారు, వెనకాల సైకిల్ షాపతను, జుట్టు కత్తిరించే ఆయన, టీ కెటిల్ పట్టుకుని కొట్టాయన.

"వాయిదాకి మనిషి రాకపోతే కోర్టే మనిషి దగ్గరికొస్తుంది" అన్నారు. మా వాకిట్లో స్టూలు వేసుకున్నారు. నేను లేచి వచ్చి అరిచాను. ఎవడు వేస్తే నాకేంటండీ, నేను చస్తుంటే మీకు ఆటగా ఉందా అని నానా మాటలూ అన్నాను. ఎవరూ కదల్లేదు. నేను అలిసిపోయి అరుగు మీద కూలబడ్డాక, మాష్టారు నెమ్మదిగా, "సరే, అదంతా రాసుకుందాం. ముందు బట్టతల సంగతి చెప్పు" అన్నారు.

నాకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే చెప్పాను, బట్టతలైతే టోపీ పెట్టుకోవాలి, టోపీ పెట్టుకుంటే పరిగెత్తేటప్పుడు ఊడుతుంది, ఊడితే శత్రువు గుర్తుపడతాడు అని. ఆయన చాలాసేపు ఆలోచించినట్టు మొహం పెట్టి, దీనికి జవాబు తనకే తట్టడం లేదనీ, రేపటికి వాయిదా అనీ అన్నారు. మా పాప ఆయన స్టూలు పట్టుకుని ఊగుతోంది. నేను దాన్ని కసరలేదు.

తొలకరి పడ్డాక చీరాల కాలేజీలో చదివే ఒకతను ఇంగ్లీషు పత్రిక తెచ్చి కొట్టులో పరిచాడు. కొత్త నటుణ్ణి ఎప్పుడో ఖాయం చేశారట. మేం ఇన్నాళ్ళూ తేలిపోయిన తగువు కోసం గొంతులు చించుకున్నాం. అందరూ సిగ్గుపడ్డారు. మాష్టారు మాత్రం, "అలాగా!" అని నోరు తెరిచి, మన దాకా రావడానికి ఇన్ని నెలలా అని విస్తుపోయారు. తరవాత స్టూలు ఎత్తుకుంటూ నాతో, "నేల పదును ఆరిపోతుంది, చేలోకి పో. పత్తి జోలికి పోకు, కంది వెయ్యి" అన్నారు. వేశాను.

మొన్న సమాధుల తోటలో మట్టి వేశాక అందరం చెదిరిపోతుంటే ఆయన భార్య నన్ను ఆగమన్నారు. ఇంటికి తీసుకెళ్ళి, ఆయన బైబిల్లోంచి మడత పెట్టిన పేపరు ముక్క తీసి నా చేతిలో పెట్టారు. బడికి ఒక రోజు ఆలస్యంగా వచ్చే ఇంగ్లీషు పేపరులోది. ఊళ్ళో దాన్ని చదివేది ఆయనొక్కరే. అందులో గూఢచారి వేషానికి ఖాయం చేసిన కొత్త నటుడి ఫోటో ఉంది. తారీకు చూశాను. ఆయన మా ఇంట్లోంచి డబ్బా పట్టుకెళ్ళిన ఎనిమిదో రోజు.

"ఆ డబ్బా ఆ రాత్రే గొయ్యి తీసి పూడ్చేశారు నాయనా. ఇదేమో దాచారు. కాస్త వాళ్ళకి చూపించకూడదా, పాపం కొట్టుకుంటున్నారు అన్నాను. తగువు తేలిపోతే వాడు రేపు రాడు అన్నారు."

నేను గడప మీద కూర్చున్నాను. జన్మలో అబద్ధమాడని మనిషి నాలుగు నెలలు నా కోసం ఆడారు, రోజూ, స్టూలు మోసుకొచ్చి మరీ.

ఆ ముక్క ఇప్పుడు నా ముందుంది. అంచు పొడవునా పెన్సిలు గీతలున్నాయి, బడి రిజిస్టర్లో హాజరు వేసినట్టు. నేను వెళ్ళిన ప్రతి సాయంత్రానికీ ఒక గీత. ఒక చోట సున్నా చుట్టి, మళ్ళీ దాని మీదే గీత గీశారు. అది కోర్టు మా వాకిటికొచ్చిన రోజు. విత్తనం వేసిన రోజు దాకా ఉన్నాయి, తరవాత ఖాళీ.

మా పాప పెన్సిలు అడిగి తీసుకుని, ఆ చివరి గీత పక్కన ఇవాళ్టికి ఒకటి గీశాను.