ఇంకొకరి గుమ్మానికి కట్టిన కాయ

పొదిలిలో మార్కండేయులుగారు ముప్పై ఎనిమిదేళ్లుగా పౌరోహిత్యం చేస్తున్నారు. మంత్రాలు ఎంత శ్రద్ధగా చదువుతారో, ఇంగ్లీషు దయ్యాల నవలలూ అంతే శ్రద్ధగా చదువుతారు. ఒంగోలు వెళ్తే చాలు, పాత పుస్తకాల కొట్లో దూరి సంచీ నింపుకుని వస్తారు. పంచాంగం పక్కన పుర్రె బొమ్మ అట్ట చూసి ఊళ్లోవాళ్లు నవ్వుకుంటారు. నవ్వితే ఆయనకేం?

ఆ మధ్యాహ్నం చేతిలో ఉన్నది నూరు పేజీల చిన్న నవల. అమెరికాలో ఏదో చిన్న ఊరు, హాలోవీన్ పండగ. ప్రతి ఇంటి ముందూ కళ్లూ నోరూ చెక్కిన గుమ్మడికాయ, లోపల దీపం. ‘మన దిష్టికాయే కదా!’ అని ముచ్చటపడ్డారు. కథలో ఒకడు తన ఇంటికి రాబోతున్న చావును తప్పించుకోవడానికి, తన గుమ్మడికాయను గుట్టుగా పక్కింటి మెట్ల మీద పెట్టేస్తాడు. తెల్లారేసరికి పక్కింటి ఉయ్యాల ఖాళీ.

మార్కండేయులుగారికి ఒళ్లు జల్లుమంది. మొన్న అమావాస్యనాడు తాను చేసిందీ అదే.

ఆ రోజు బజార్లో బూడిద గుమ్మడికాయలు అయిపోయాయి. కొత్తిల్లు కట్టుకున్న మిర్చి రైతు బుల్లయ్య మాత్రం, కూతురు జ్యోతిర్మయి పురిటికొచ్చి ఉంది, ఈపూటే కట్టాలని పట్టుబట్టాడు. గుమ్మానికి వేలాడిన కాయ ఆ ఇంటి దిష్టంతా తాగుతుంది. దించితే పారే నీటిలో వదలాలి గానీ మరో గుమ్మానికి కట్టకూడదు. ఊరందరికీ ఈ మాట చెప్పే పెద్దమనిషి, తన గుమ్మానికున్న కాయనే దించి, తుడిచి, పసుపు కుంకుమలు పూసి బుల్లయ్య గుమ్మానికి కట్టేసి వచ్చారు. తన గుమ్మం ఎలాంటిది? కోడలు ఆశ్రితకు రెండుసార్లు కడుపు పోయిన ఇంటి గుమ్మం. ఇప్పుడామెకు మళ్లీ ఐదో నెల.

పుస్తకం బోర్లించి ఉన్నపళంగా బయల్దేరారు. బుల్లయ్య ఇంటికి తాళం వేసి ఉంది.

“జ్యోతిర్మయిని ఒంగోలు తీసుకెళ్లారు పంతులుగారూ,” అంది పక్కింటి సామ్రాజ్యం. “పొద్దుట్నుంచీ కడుపులో బిడ్డ కదల్లేదంటండీ.”

 ఆయన గబగబా అరుగెక్కి, కాయ వేలాడుతున్న ఉట్టి ముడి విప్పారు. కట్టిన నాటికన్నా కాయ బరువెక్కింది. అంత ఎండలోనూ చేతులు జివ్వుమనేంత చల్లగా ఉంది.

తిరుగుదారిలో ఫోన్ మోగింది. బుల్లయ్య.

“గండం గడిచిందండీ పంతులుగారూ! నాలుగింటికి ఉన్నట్టుండి బిడ్డ కదిలింది. ఇంక భయం లేదంది డాక్టరమ్మ. మీ చేత్తో కట్టిన కాయ చలవేనండీ!”

ఆయన ముడి విప్పింది నాలుగింటికే. నడిరోడ్డు మీద ఆయనకు ఏడుపొచ్చింది. సంతోషం ఎంతో, సిగ్గూ అంతే.

కానీ కాయ ఇంకా చేతుల్లోనే ఉంది. ఈ ఏడు వానల్లేవు, ఏ వాగులోనూ చుక్క నీరు పారడం లేదు. కూడలిలో పగలగొడదామంటే బడి వదిలిన పిల్లలు తొక్కేస్తారు. ఎవరి గడప ముందు దించినా మళ్లీ అదే పాపం. నడిచి నడిచి కాళ్లు ఇంటికే వచ్చాయి.

గడపలో ఆశ్రిత, పొట్ట మీద చెయ్యి వేసుకుని నిలబడి ఉంది.

“అక్కడే ఆగిపోయారేంటి మావయ్యగారూ? లోపలికి రండి, కాఫీ పెడతాను.”

ఆయన మెట్టెక్కలేదు. వీధి అవతల కరెంటు స్తంభం కింద మట్టిలో చతికిలబడి, కాయను ఒళ్లోకి లాక్కున్నారు.

“నేను రానమ్మా. వాన పడి వాగు పారేదాకా ఇక్కడే ఉంటాను. నువ్వు తలుపేసుకో తల్లీ.”