ముహూర్తానికీ మూడో సెట్‌కీ మధ్య

‘ఆ రోజుల్లో’ అని మొదలుపెట్టడానికి నాకింకా వయసు చాలదని మా అక్క అభిప్రాయం. ముప్ఫై దాటనివాడు ఆ రోజుల్లో అంటే వినేవాళ్ళు నిన్న మధ్యాహ్నం సంగతి అనుకుంటారట. కానీ టెన్నిస్ ఆడేవాడి వయసు మామూలు మనుషుల వయసులా నడవదు. ఇరవై రెండులో వాడు ఆశాకిరణం, ఇరవై అయిదులో అనుభవజ్ఞుడు, ఇరవై ఎనిమిదిలో ‘ఒకప్పుడు బాగా ఆడేవాడు’. కాబట్టి ధైర్యంగానే అంటున్నాను: ఆ రోజుల్లో నేను ప్రొఫెషనల్ టెన్నిస్ ఆటగాణ్ణి. ప్రొఫెషనల్ అంటే ఆట మీద బతికేవాడని మీరు అనుకుంటే అందులో నా తప్పు లేదు. నా విషయంలో ఆటే నా మీద బతికేది. (నా మీద అంటే మా నాన్న మీద. మా నాన్న మీద అంటే ప్రత్తిపాడు పక్కన ఉన్న మా మిరప చేను మీద. ఆ చేను దేని మీద బతికేదో వానలకే తెలియాలి.)

నేను ఆట నేర్చుకున్నది గుంటూరు శివార్లలో ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీ గోడ మీద. లోపల కాయలు చల్లగా నిద్రపోయేవి, బయట నేను ఘాటుకి తుమ్ముతూ బంతి కొట్టేవాణ్ణి. నా సర్వీసులో ఈ రోజుకీ ఒక చిన్న కుదుపు ఉంటుంది. దాన్ని సరిచేయడానికి ముగ్గురు కోచ్‌లు చాలా శ్రమపడ్డారు. అది టెక్నిక్ లోపం కాదు, తుమ్ము. ఇలాంటి పునాదితో నేను ప్రపంచ ర్యాంకింగుల్లోకి ఎక్కాలని బయలుదేరాను. అందులో పేరు ఉండాలంటే కనీసం ఒక్క పాయింటు కావాలి. చిన్న ప్రొఫెషనల్ టోర్నమెంటులోనైనా సరే, అసలు పోటీలో ఒక్క మ్యాచ్ గెలిస్తే ఆ ఒక్క పాయింటు ఇస్తారు. ఆ ఒక్కదాని కోసం రెండేళ్ళపాటు ఎక్కడెక్కడికో రైళ్ళలో వెళ్ళి, తొలి రౌండులోనే ఓడిపోయి, శ్రద్ధగా ఇంటికి వచ్చేవాణ్ణి. నేను ఎలాగూ సోమవారానికల్లా తిరిగొస్తానన్న భరోసాతో మా వాళ్ళు గృహప్రవేశాలూ పెళ్ళిచూపులూ పెట్టుకునేవారు. ఒక్కసారి కూడా వాళ్ళ నమ్మకాన్ని వమ్ము చేయలేదు.

“నీ ర్యాంకెంతరా?” అని అడిగాడు ఒకసారి మా నాన్న, కల్లంలో ఎండుకాయలు తిరగేస్తూ.

“ఇంకా లేదు నాన్నా.”

“లేకపోవటం ఏంది? తాలు కాయలకైనా మిర్చి యార్డులో ఓ రేటుంటది గదరా!”

(తాలు అంటే రంగు పోయి తెల్లబడిన కాయ. నేను దానికంటే ఒక మెట్టు కింద ఉన్నానని ఆ సాయంత్రమే స్పష్టమైంది.)

అట్లాంటి దశలో ఒకేసారి రెండు శుభవార్తలు వచ్చాయి. మొదటిది, ఒక ప్రొఫెషనల్ టోర్నమెంటు సాక్షాత్తూ గుంటూరుకే వస్తోంది, స్థానిక కుర్రాడినని జాలిపడి నాకు నేరుగా ప్రవేశం ఇచ్చారు. రెండోది, మా అక్క కూతురు చిట్టికి ఓణీల ఫంక్షన్ నిశ్చయమైంది. మా ప్రాంతంలో ఓణీల ఫంక్షన్ అంటే పెళ్ళికి రిహార్సలు. ఇందులో మేనమామ చేత్తో ఓణీ ఇస్తే తప్ప పిల్ల పీట ఎక్కదు, పిల్ల పీట ఎక్కితే తప్ప ఎవరికీ ఆకు వెయ్యరు. చిట్టికి ఉన్న ఏకైక మేనమామను నేను. బావది పర్చూరు. అయినా అందరికీ దగ్గరవుతుందనీ, నాకు టోర్నమెంటు కూడా అక్కడేననీ ఫంక్షన్ గుంటూరులోనే పెట్టారు. స్టేడియానికీ ఫంక్షన్ హాలుకీ మధ్య రెండు వీధులు. ఆటనూ ఇంటినీ ఇంత చక్కగా సమన్వయం చేసుకున్నవాడు ఆంధ్రదేశంలో మరొకడు ఉండడని నేను మురిసిపోయాను. ముందురోజు సాయంత్రం, ఎవరు ఎవరితో ఎప్పుడు ఆడాలో చెప్పే డ్రా వచ్చింది. ఫంక్షన్ రోజే నా మ్యాచ్.

“ముహూర్తం పదకొండున్నరకి. నీ ఆట ఎన్నింటికి?” అన్నాడు నాన్న.

“ముందు మ్యాచ్ అయిపోయాక.”

“అదెప్పుడైపోద్ది?”

“అయిపోయినప్పుడు.”

“నీది ఎప్పుడైపోద్ది?”

“అదీ అంతే.”

నాన్న కండువా దులిపి భుజాన వేసుకున్నాడు. “మొదలెప్పుడో తెలవదు, ఆఖరెప్పుడో తెలవదు. దీనికంటే పర్చూరు బస్సే నయం. అది రాదని ముందే తెలుసుద్ది.”

నా లెక్క నాకుంది. ముందు మ్యాచ్ తొమ్మిదికి మొదలవుతుంది, గంటలో అయిపోతుంది, నేను గెలిచినా ఓడినా పదకొండున్నరకి హాల్లో ఉంటాను. ఆ ముందు మ్యాచ్ ఆడినవాళ్ళిద్దరికీ జీవితంలో వేరే పనేమీ లేదని తరువాత తెలిసింది. ఒక్కో పాయింటును అప్పడాల పిండిలా సాగదీసి, ఎట్టకేలకు కోర్టు వదిలేసరికి పదకొండు కావస్తోంది. నేను అక్కకు ఫోన్ చేశాను. అటు నుంచి సన్నాయి, అక్క ఏడుపు, పంతులుగారి దగ్గు ఒకేసారి వినిపించాయి. పన్నెండున్నర దాకా ఎలాగో లాగగలననీ, ఆ తరువాత బ్రహ్మదేవుడు అడిగినా కుదరదనీ పంతులుగారు తేల్చేశారు. ఫోన్ నాన్న లాక్కున్నాడు.

“ఒరే చిన్నోడా, ఎట్టాగూ ఓడిపోతావు గదా. ఆ ఓడిపోయేదేదో కాస్త తొందరగా ఓడిపోయి రారా!”

ఏ తండ్రీ ఏ క్రీడాకారుడికీ ఇంత స్పష్టమైన వ్యూహం ఇచ్చి ఉండడు.

నా ప్రత్యర్థి హర్యానా కుర్రాడు. తాటిచెట్టంత ఉంటాడు, సర్వీసు చేస్తే బంతి ఆకాశం నుంచి పిడుగులా పడేది. తొలి సెట్ చకచకా ఓడిపోయాను. సరిగ్గా అప్పుడే మా బావ నడుపుతున్న వ్యాను స్టేడియం గేటు ముందు ఆగింది. అందులోంచి పట్టుచీరలూ, పళ్ళేలూ, నాన్నా, నాయనమ్మా, ముస్తాబు చేసిన చిట్టీ, చివరగా ముహూర్తం చేజారకుండా పంచాంగం చంకలో పెట్టుకున్న పంతులుగారూ దిగారు. నేను ఓడిన మరుక్షణం నన్ను వ్యానులో వేసుకుపోవడం వాళ్ళ పథకం. అప్పటిదాకా ముగ్గురు ప్రేక్షకులున్న గ్యాలరీ ఒక్కసారిగా పెళ్ళివారి విడిదిలా నిండిపోయింది. స్కోరు చూసి నాన్న మొహం వెలిగింది. “మావాడు మాట వింటాడు,” అని పంతులుగారితో అనడం కోర్టు దాకా వినిపించింది. (మా వాళ్ళు రహస్యంగా మాట్లాడినా పక్క ఊరికి వినపడుతుంది. అంపైర్ ‘క్వైట్ ప్లీజ్’ అంటే, నాయనమ్మ ‘ఏందంటా?’ అని అంతకంటే గట్టిగా అడిగింది.)

రెండో సెట్‌లో నాకేమైందో నాకే తెలియదు, బంతి పడాల్సిన చోటే పడడం మొదలుపెట్టింది. సొంత ఊళ్ళో ఆడుతున్నాను, గ్యాలరీ నిండా నావాళ్ళే. నేను పాయింటు గెలిచినప్పుడల్లా “అయ్యో!” అంటున్నారు. తాటిచెట్టు గెలిస్తే పంతులుగారు తలపంకించి వాచీ చూసుకుంటున్నారు. మా అక్కయితే చేతులు జోడించి అతని కోసం ప్రార్థిస్తోంది. పాపం ఆ కుర్రాడికి తెలుగు రాదు, ఇంత అభిమానం ఏ ఊళ్ళోనూ చూడలేదన్నట్టు వాళ్ళవైపు తిరిగి దణ్ణం కూడా పెట్టాడు. నా చెయ్యి తడబడింది. ఒక గేము పోయింది. ఇంకొకటి పోతోంది. పోనీలే, ఈ ఊళ్ళో కాకపోతే ఇంకో ఊళ్ళో, ఒక్క పాయింటే కదా అనిపించింది. అప్పుడు గ్యాలరీలో చిట్టి లేచి నిలబడింది, వడ్డాణం సర్దుకుంటూ.

“మామయ్యా! కావాలని ఓడిపోయావంటే చూడు, నువ్విచ్చే ఓణీ నేను కట్టుకోను!”

“నోర్ముయ్యవే!” అంది అక్క.

“నువ్వే ముయ్యమ్మా. మా క్లాసులో అందరికీ చెప్పుకున్నా, మా మామయ్య ఆడతాడని. ఓడిపోతాడని చెప్పలా!”

అంపైర్ మళ్ళీ ‘క్వైట్ ప్లీజ్’ అన్నాడు. ఈసారి అందరూ ఊరుకున్నారు. చిట్టికి భయపడి, అతనికి కాదు. ఆ సెట్ గెలిచాను.

గెలిచాక గడియారం చూస్తే పంతులుగారు పెట్టిన గడువుకి మిగిలింది పది నిమిషాలు, మ్యాచ్‌కి మిగిలింది ఒక సెట్. అక్క అప్పటికే కళ్ళు ఒత్తుకుంటోంది. అప్పుడే నాకు రూలు గుర్తొచ్చింది. సెట్ అయ్యాక ఆటగాడు బట్టలు మార్చుకోవడానికి కొద్ది నిమిషాలు బయటికి వెళ్ళవచ్చు. చెయ్యెత్తి అడిగాను. అంపైర్ సరేనని, నా వెంట నిబంధన ప్రకారం ఒక అధికారిని పంపాడు. బట్టలు మార్చుకునే గది వైపు పరుగెడుతూ మా వాళ్ళకు సైగ చేశాను. పట్టుచీరల గుంపు మొత్తం గ్యాలరీ దిగి గది ముందున్న వరండాలోకి ఉరికింది. పంతులుగారు నా నిక్కరును చూసి అపశకునం చూసినట్టు కళ్ళు మూసుకున్నారు. “పంచె ఉంటే గానీ కుదరదు నాయనా.” బావ తన పంచె విప్పబోతే అక్క ఆపి, పళ్ళెంలో నాకోసం పెట్టిన పట్టుపంచె అందించింది. నిక్కరు మీదే చుట్టుకున్నాను. పీట లేదు, చిట్టిని బంతుల పెట్టె మీద కూర్చోబెట్టారు. పంతులుగారు మంత్రం అందుకున్నారు. అధికారి చేతి గడియారం చూసి ‘టూ మినిట్స్’ అన్నాడు. పంతులుగారు మంత్రం ఆపకుండానే చేత్తో ఆగమన్నారు. కాలం మీద అధికారం ఉన్నవాళ్ళు ఇద్దరు ఎదురుపడడం నేను మొదటిసారి చూశాను. చివరికి నాయనమ్మ ఆ అధికారి చేతిలో తాంబూలమూ రెండు అరటిపళ్ళూ పెట్టేసరికి ఆయన రెండు చేతులూ నిండిపోయి గడియారం కనిపించకుండా పోయింది. నేను ఓణీ ఇచ్చాను. అందరూ నా నెత్తినా చిట్టి నెత్తినా అక్షింతలు కుమ్మరించారు. పంచె లాగేసి, చొక్కా మార్చి, బొట్టుతో కోర్టులోకి పరుగెత్తాను. (రూలు నేను తు.చ. తప్పకుండా పాటించాను. బట్టలు మార్చుకోమన్నారు, రెండుసార్లు మార్చుకున్నాను.)

ఆశీర్వాదం ఎంత ప్రమాదమో మూడో సెట్‌లో తెలిసింది. నేను ఎగిరి కొట్టినప్పుడల్లా జుట్టులోంచి పసుపు బియ్యం రాలుతోంది. తాటిచెట్టు ఆట ఆపి, ఆ గింజల్ని వంగి చూసి, అంపైర్‌ను పిలిచాడు. ఆటగాడి ఒంటి మీంచి ఏదైనా రాలి ఆటకు అడ్డొస్తే మొదటిసారి ఆ పాయింటు మళ్ళీ ఆడిస్తారు, ఆ పైన అవతలివాడికి ఇచ్చేస్తారు. మొదటిసారి అయిపోయింది. రెండోసారి నాయనమ్మ దీవెన నేరుగా హర్యానా ఖాతాలో పడింది. జుట్టు దులుపుకోబోయాను.

“దులుపుకోమాకరా అప్రాచ్యుడా! అక్షింతలు తొక్కుతావా?” అని నాయనమ్మ.

ఇటు రూలు, అటు నాయనమ్మ. ఇంతలో నాన్న కంచె దగ్గరికి వచ్చి తన కండువా లోపలికి విసిరాడు. “తలకి చుట్టరా! అట్టా కాదు, ఎడం పక్క నుంచి! బిగించు! కొస లోపలికి దోపు!” ఆట మధ్యలో బయటివాళ్ళు సలహాలివ్వకూడదని అంపైర్ హెచ్చరించాడు. అది టెన్నిస్ సలహా కాదని, తలపాగా సలహా అని చెప్పుకోవాల్సి వచ్చింది. అలాంటి సలహాలకు రూలు లేదేమో, అతను ఆట కొనసాగించమన్నాడు. మా నాన్న చెప్పినట్టు కడితే మిర్చి టిక్కీ, అంటే నిండు బస్తా, మోసినా తలపాగా చెదరదు. అక్షింతలన్నీ లోపల బందీలయ్యాయి. ఇక ముహూర్తం బెంగ తీరింది కదా, మా వాళ్ళు ఒక్కసారిగా పార్టీ మార్చారు. ఇప్పుడు నేను కొడితే ఈలలు, తాటిచెట్టు కొడితే “అయ్యో!”. ఆ కుర్రాడు చాలాసేపు నమ్మలేనట్టు చూశాడు. అతని మనసు విరిగింది అక్కడేనని నా అనుమానం. చివరి బంతి అతను నెట్‌లో కొట్టాడు. నేను గెలిచాను.

నాన్న పరుగున వచ్చి నన్ను వాటేసుకున్నాడు. “ఎన్ని పాయింట్లొచ్చినయ్యిరా?”

“ఒకటి నాన్నా.”

“ఒకటా?” నాన్న నన్ను వదిలేశాడు. “ఇంత ఎండలో ఇంతసేపు ఆడితే ఒకటా? మజ్జలో ఎవడు తిన్నాడ్రా మిగతావి?”

తాటిచెట్టును కూడా బతిమాలి మాతోనే భోజనానికి లాక్కెళ్ళాం. ఫంక్షన్ హాల్లో ఫోటోగ్రాఫర్ మొహం గంటు పెట్టుకుని కూర్చున్నాడు. వరండాలో జరిగింది అతనికి దక్కలేదు. కాబట్టి వేదిక మీద అందరి ముందూ మళ్ళీ ఓణీ ఇమ్మన్నాడు. ఇచ్చాను. వంగిన నేను వంగినట్టే ఉండిపోయాను. పిక్క పట్టేసింది. కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. ముందు వరసలో ఆడవాళ్ళు “మేనమామంటే అట్టా ఉండాలి, చూడు ఎట్టా ఏడుస్తన్నాడో” అని తామూ కళ్ళు తుడుచుకున్నారు.

ఆ పాయింటుకు ఏడాది తరువాత కాలం చెల్లింది. ర్యాంకింగులకు అలాంటి గడువు ఉంటుంది. ఆ ఏడాదంతా నేను ప్రపంచంలో ఎక్కడో ఆఖరి పేజీలో ఉండేవాణ్ణి. ఇంకో రెండు గెలిచాను, చాలా ఓడిపోయాను, ఇప్పుడు ఒంగోలులో పిల్లలకు ఆట నేర్పుతున్నాను. చిట్టి కాలేజీలో ఉంది. మొన్న ఆల్బమ్ తిరగేస్తూ ఆ ఫోటో దగ్గర ఆగి, “మామయ్యా, నిజం చెప్పు, ఏడ్చావు కదూ?” అంది. పిక్క పట్టేసిందని ఎప్పటిలాగే చెప్పాను. ఆ పిల్ల నవ్వి, ఆల్బమ్ నా చేతిలో పెట్టి వెళ్ళిపోయింది. తను వెళ్ళాక మళ్ళీ ఒకసారి చూశాను. తలపాగా, బొట్టు, చెమట, ఎందుకో అంత గర్వం. పిక్క పట్టేసినవాడు ఎవడైనా పిక్క పట్టుకుంటాడు. ఆ వెర్రి కుర్రాడు మాత్రం రెండు చేతులతోనూ చిట్టి చెయ్యి పట్టుకుని ఉన్నాడు.