మంచం మీది మనిషిని అడగడం

మా ఆవిడ నిజామాబాద్‌లో ఒక నర్సింగ్ స్కూల్లో పాఠాలు చెప్పేది. పేషెంటును ఎలా చూడాలి, ఏం అడగాలి, చూసినదాన్నీ విన్నదాన్నీ కలిపి ఎలా ఆలోచించాలి అన్నవి ఆమె పాఠాలు. ఆదివారాలు కొందరు పిల్లలు మా ఇంటికి వచ్చేవారు. అప్పుడు పేషెంటు నేనే. పొద్దున టీ తాగేటప్పుడు ఆమె నాకు ఒక జబ్బు చెప్పేది. అది ఎవరికీ చెప్పకుండా నేను వరండాలో మంచం మీద పడుకోవాలి. సరైన ప్రశ్న అడిగితేనే సరైన జవాబు ఇవ్వాలి. బోధన్‌లో కాలేజీ లైబ్రేరియన్‌గా పనిచేసి రిటైరయ్యాను. అడిగిన పుస్తకం తప్ప ఇంకోటి ఇచ్చే అలవాటు లేదు కాబట్టి ఆ పని నాకు బాగానే కుదిరింది.

పోయిన వానాకాలం ఆమె చనిపోయింది. దాని గురించి ఇక్కడ ఇంతకన్నా రాయను.

చలి మొదలయ్యాక ఆమె దగ్గర చదువుకున్న ఒక అమ్మాయి వచ్చింది. వాళ్ళది మోస్రా దగ్గరి పల్లె. నాన్న చెరుకు కొట్టే పనికి పోతాడు. ప్రాక్టికల్ పరీక్షలో ఫెయిలయ్యాననీ, వచ్చే వారం మళ్ళీ పెడుతున్నారనీ చెప్పింది.

"ఎందుకు ఫెయిల్ చేశారమ్మా?"

"పేషెంటును అడగలే సార్. ఆయన కొడుకును అడిగిన. కడుపునొప్పి అన్నడు. గదే రాసిన. దుప్పటి తీసి సూడలే. కాలుకు ఇంత పుండున్నది."

"ఈసారి?"

"ఈసారి గూడ పోతే సదువు బంద్ అన్నడు బాపు. తనతోని చెరుకు కొట్టనీకి రమ్మన్నడు. మీరు జర మంచం మీద పండుకుంటరా సార్?"

అలా అడిగేవాళ్ళు ఇంకా ఉన్నారని నాకు తెలియదు. సరే అన్నాను.

మా దగ్గర దవాఖానకు ఎవరూ ఒంటరిగా పోరు. మంచం మీద ఒకరుంటే చుట్టూ నలుగురుంటారు. నర్సు ఏది అడిగినా జవాబు ఆ నలుగురే చెప్తారు. పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే అడ్డం రావద్దని ఈ పిల్లకు ఇంట్లో నేర్పారు. మంచిదే నేర్పారు. వార్డులో మాత్రం అది పనికిరాలేదు.

పొద్దుటి ఎండ మా వరండాలో బాగా పడుతుంది. అందుకని పక్కింటి అవ్వ చాట తెచ్చుకుని ఇక్కడే కూర్చుని బీడీలు చుడుతుంది. సంగతి విని తనకు తానే ఒక పదవి ఇచ్చుకుంది.

"ఒక్కడే పేషెంటు ఏడనన్న ఉంటడా? నేనుంట తియ్. ఈయన తల్లి లెక్క."

మొదటి రోజు నాకు నేనే గుండెనొప్పి ఇచ్చుకున్నాను. ఎడమ చేయి కూడా లాగుతోంది. అడిగితే చెప్దామని చూస్తున్నాను.

"ఎప్పటిసంది నొప్పి సార్?"

"సోమారం సంది," అంది అవ్వ.

"ఎట్లుంటది నొప్పి?"

"గ్యాసు. మా ఆయనకు గూడ గిట్లనే ఉండె. సోడా తాపిన."

"తాగినంక తగ్గిందా అవ్వా?"

"ఏమో. ఎవలడిగిండ్రు ఆయనను?"

అమ్మాయి గ్యాసు అని రాసుకుంది. నా గుండెనొప్పి నా దగ్గరే ఉండిపోయింది.

సాయంత్రం ఆ పిల్లకు మా ఆవిడ చెప్పే మాటలు గుర్తు చేశాను. ముందు చూడు. తర్వాత అతన్నే అడుగు. ముట్టుకుని చూడు. మొదట తోచిన కారణం పక్కన ఇంకో కారణం కూడా పెట్టుకో. ఏదైనా చేశాక అది పనిచేసిందో లేదో మళ్ళీ వచ్చి చూడు. ఇందులో రహస్యం ఏమీ లేదనీ, ఓపిక చాలనీ ఆమె అనేది.

"అన్ని యాదికున్నయి సార్," అంది ఆ పిల్ల. "అవ్వ ముందట నోరే లేస్తలేదు."

తర్వాతి రోజుల్లో కూడా అవ్వదే గెలుపు. నాకు కామెర్లు వస్తే దిష్టి అంది, ఆయాసం వస్తే బద్ధకం అంది.

ఒక పొద్దున నేను పడుకునేసరికే ఒళ్ళు వణుకుతోంది. నుదుటి మీద చెమట. మనసంతా చిరాకు. ఏ జబ్బు అనుకున్నానో కూడా గుర్తుకు రాలేదు.

"ఇయ్యాల మస్తు జేస్తుండు సారు," అంది అవ్వ మెచ్చుకోలుగా. "సినిమాలకు వోవాలె."

అమ్మాయి అలవాటుగా అవ్వ వైపు తిరిగి, "ఎప్పటిసంది..." అని ఆగింది. నా వైపు చూసింది. చలికాలంలో ఆ చెమట ఏమిటన్నట్టు చూసింది. చేయి పట్టుకుంది. నాడి చూసింది.

"సార్, ఇది యాక్టింగ్ కాదు గదా?"

"అడగాల్సింది అడుగు. ఊరికే చూస్తావేం?" అని కసిరాను. ఆ పిల్లను నేను ఎప్పుడూ కసరలేదు. అది కూడా తను గమనించింది.

"పొద్దుగాల గోలి ఏసుకున్నరా?"

"షుగర్ గోలి ఎప్పుడో వేసుకున్నా."

"ఏం తిన్నరు?"

"ఏమీ తినలేదు."

మా ఆవిడ షుగర్ చూసే మిషన్ అల్మారాలోనే ఉంది. అమ్మాయి అది తెచ్చి నా వేలికి సూది గుచ్చి చూసింది. బాగా తక్కువుంది. వంటింట్లోకి పోయి గ్లాసులో చక్కెర నీళ్ళు కలుపుకొచ్చింది.

"అగో, షుగరున్నోనికి చక్కెర వోస్తవా?" అవ్వ చాట వదిలేసి లేచింది. "సంపుతవా ఏంది పిల్లా? ఇటియ్ ఆ గిలాస!"

అమ్మాయి గ్లాసు ఇవ్వలేదు.

"అవ్వా, జర ఆగు. నేను సార్‌తోని మాట్లాడుతున్న."

గట్టిగా ఏమీ అనలేదు. అయినా అవ్వ కూర్చుంది. అమ్మాయి నన్ను లేపి కూర్చోబెట్టి, నీళ్ళు గొంతు దిగుతున్నాయా అని నన్నే అడుగుతూ మెల్లగా తాగించింది. పావుగంట గడిచాక మళ్ళీ సూది గుచ్చింది. పెరిగింది. అప్పుడు గానీ ఆ పిల్ల ఊపిరి వదల్లేదు. అవ్వ తన ఇంటినుంచి జొన్నరొట్టె, పప్పు తెచ్చింది.

పరీక్ష అయితే అక్కడితో అయిపోయేది. ఈ పిల్ల ఆగలేదు.

"ఎందుకు తినలేదు సార్?"

"దవాఖానకు అందరూ పరిగడుపునే పోతారు కదా, రక్తం తీస్తారేమోనని. పేషెంటునన్నాక నేనూ అట్లాగే ఉన్నా."

అది నిజమే. మా దిక్కు జనం డాక్టరు రాయని రక్తపరీక్షకు కూడా పరిగడుపునే పోతారు. నా జవాబు నాకే నచ్చింది.

"నిన్న?"

"నిన్న కూడా."

"మీరు పేషెంటయి నాలుగొద్దులే గదా. అంతకుముందు తిన్నరా పొద్దుగాల?"

నేను చేతి గడియారం పైకి జరుపుకున్నాను.

"గడియారం మోచేతి దాంక జారుతున్నది సార్. సన్నగైండ్రు."

"అంతకుముందూ తినలేదమ్మా. ఆమె పోయినప్పటినుంచి పొద్దున తినడం లేదు."

"నేనంపిన రొట్టెలు?" అంది అవ్వ.

"కాకులకు వేశాను."

"కాకులు మంచిగ బలిసినయి, నువ్వు గిట్లయినవు," అంది అవ్వ. కోపంగానే రొట్టె ఇంకో ముక్క విరిచి పళ్ళెంలో వేసింది.

ఆ రోజే ఇద్దరూ నన్ను డాక్టరు దగ్గరకు తీసుకుపోయారు. నేనూ మా ఆవిడా కలిసి తిన్న రోజులకు సరిపడే గోలి అది. నేనిప్పుడు తినేదానికి ఎక్కువైంది. ఆయన మోతాదు తగ్గించాడు. డాక్టరు అడిగిన వాటికి నేనే జవాబు చెప్పాను. అవ్వ రెండుసార్లు నోరు తెరిచింది గానీ, అమ్మాయి చూసేసరికి మూసింది.

పరీక్ష రోజు సాయంత్రం ఆ పిల్ల ఆటో దిగి నడుచుకుంటూ రాలేదు, ఉరికొచ్చింది.

"పాసైన సార్! పేషెంటు అత్త ఒక్కతే మాట్లాడుతుండె. అమ్మా, మీరు గీ కుర్సీల కూసోండ్రి, మిమ్మల్ని తర్వాత అడుగుత అన్న. కూసున్నది! దుప్పటి తీసిన, అన్ని సూసిన. బాపుకు ఫోన్ జేసిన. సదువుకో బిడ్డా అన్నడు."

అవ్వ చాట పక్కకు పెట్టింది.

"మంచిగైంది బిడ్డా. ఇంతకు ఏం రోగమట ఆ పేషెంటుకు?"

"చెప్పద్దు అవ్వా. పేషెంటు సంగతి బయట చెప్పద్దు."

"నేను బయటిదాన్నా? తల్లి లెక్క జేసిన!"

"అయినా చెప్పద్దు."

అవ్వ నా వైపు తిరిగింది. "జూసినవా సారూ, పాసయి గడియ గాలే, అప్పుడే నర్సమ్మయింది."

అయింది, అన్నాను.